సింగిల్ మాల్ట్ సీసాలో మబ్బు

2023 మే నెల, రెండో శనివారం. గురజాల అవతల పొలాల మధ్య ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆఫీసు గది. టైము మధ్యాహ్నం రెండున్నర. బల్ల మీద అయిదు సింగిల్ మాల్ట్ స్కాచ్ సీసాలు, వాటి ముందు అయిదు గ్లాసులు. అప్పటికి నా సర్వీసు ఇరవై ఒక్కేళ్ళు. ఎన్ని గ్లాసులు వాసన చూశానో, ఎన్ని గుక్కలు నోట్లో తిప్పి ఉమ్మేశానో లెక్కలేదు. కానీ ఆ అయిదు గ్లాసులు మాత్రం ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి.

ముందు నా పని ఏంటో చెప్పాలి. చెప్పకపోతే మీకు తోచింది మీరు ఊహించుకుంటారు, ఆ ఊహలన్నీ నేను ఇప్పటికే చానా విన్నాను. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. ఒక మద్యం బాట్లింగ్ యూనిట్‌లో క్వాలిటీ కెమిస్టుని. బ్లెండ్ కలిపాక స్ట్రెంత్ సరిగ్గా ఉందా, రంగు సరిగ్గా ఉందా, వాసనలో తేడా ఏమన్నా ఉందా అని చూసి సంతకం పెట్టేది నేనే. నేను సంతకం పెట్టకపోతే సీసా లోడ్ అవ్వదు. పెళ్ళిళ్ళలో ఎవరో ఒక పెద్దావిడ "అయితే నువ్వు కూడా తాగుతావా అమ్మాయ్?" అని చెవిలో అడుగుతుంది. "సాంబారులో ఉప్పు చూసినోళ్ళందరూ గిన్నెడు సాంబారు తాగుతారా పిన్నీ?" అంటాను. ఆవిడ నవ్వదు. నాకు నవ్వించే ఉద్దేశం కూడా ఉండదు.

సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో మాత్రమే కాచి, కర్ర పీపాల్లో ఏళ్ళతరబడి పండించిన విస్కీ. స్కాట్లండ్‌లో ఒక్కో ప్రాంతానిది ఒక్కో తీరు. స్పేసైడ్‌వి తేనె, యాపిల్ వాసనలతో మెత్తగా ఉంటాయి. ఐలా అనే దీవిలోవి పొగ వాసన కొడతాయి. మనవాళ్ళు మొదటిసారి వాసన చూసి "ఆస్పత్రిలో డెట్టాల్‌లాగా ఉంది" అంటారు. హైలాండ్‌వి ఆ రెంటికీ మధ్యలో, ఎటు మొగ్గుతాయో సీసా సీసాకీ చూసుకోవాలి. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చడాన్ని టేస్టింగ్ అంటారు. ముందు నోసింగ్, అంటే మూతి సన్నగా ఉన్న గ్లాసులో పోసి వాసన పట్టడం. తర్వాత చిన్న గుక్క. తర్వాత నాలుగు చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ వాసన, మళ్ళీ గుక్క. ఇది నేను లండన్ వెళ్ళి నేర్చుకోలేదు. కంపెనీ వాళ్ళు హైదరాబాదులో నెలరోజులు ట్రైనింగ్ ఇప్పించారు. మిగతాదంతా ముక్కు నేర్పింది.

ఈ సంగతి నాలుగు చోట్లా తెలిసేసరికి సెలవు రోజుల్లో నాకు ఇంకో పని తగులుకుంది. ఎవరో ఒకరు సీసా పట్టుకొచ్చి "మేడమ్, ఇది అసలుదా, నకిలీదా?" అంటారు. అట్టాగే కోటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. మిర్చి వ్యాపారం, కోల్డ్ స్టోరేజీ ఆయనవే. ఆదివారం సాయంత్రం బయటి నుంచి మిర్చి కొనే పెద్ద పార్టీలు వస్తున్నాయట. వాళ్ళకి అయిదు సింగిల్ మాల్టులతో టేస్టింగ్ పెడతాడట. నేను పక్కన నిలబడి ఒక్కోదాని గురించీ చెప్పాలట. "శనివారం వచ్చి సీసాలు ఒకసారి చూసి పోండి మేడమ్, రేపు వాళ్ళ ముందు నవ్వులపాలు కాకూడదు" అన్నాడు.

ఆ సీసాలు ఇంట్లో పెట్టుకునే వీలు ఆయనకి లేదు. వాళ్ళ ఇంట్లో ఉల్లిపాయ కూడా కొన్ని రోజులు గుమ్మం దాటి రాదు. తల్లి గారు మడి కట్టుకునే మనిషి. అందుకని సీసాలు మొదట ఆఫీసు బీరువాలో ఉండేవి. ఏప్రిల్ ఆఖర్లో ఎండలు ముదిరాక, ఈ వేడికి చెడిపోతాయని భయపడి, మిరపకాయల టిక్కీలు పెట్టే ఛాంబర్‌లో ఒక మూలకి చేర్చాడు. టిక్కీ అంటే మా వైపు మిర్చి బస్తా. ఆ ఛాంబర్లో రాత్రీ పగలూ ఏడెనిమిది డిగ్రీలకు మించనియ్యరు. కరెంటు పోయినా జనరేటర్ ఉంటుంది. స్కాట్లండ్ చల్లటి దేశం కాబట్టి విస్కీకి ఇదే పుట్టిల్లులా ఉంటుందని ఆయన లెక్క.

ఆ ఛాంబర్ తాళాలు జోజయ్య దగ్గర ఉంటాయి. యాభై అయిదేళ్ళుంటాయి. సొంతూరు రెంటచింతల. గేటు పక్కన ఉన్న రెండు గదుల క్వార్టర్‌లో భార్య శౌరమ్మతో ఉంటాడు. ఆవిడ అక్కడే షెడ్డులో మిర్చిలోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ మీద మేస్త్రీ. జోజయ్య ఒకప్పుడు బాగా తాగేవాడట. ఏడేళ్ళ కిందట చర్చిలో మొక్కుకుని మానేశాడు. "తాగేవోడి చేతిలో పెడితే ఉంటయ్యా మేడమ్? మానేసినోడి చేతిలో పెడితేనే భద్రం" అని కోటేశ్వరరావు గారే నాకు గర్వంగా చెప్పాడు.

సీసాలు తెచ్చిందీ జోజయ్యే. చెక్క పెట్టెలో పెట్టి, రెండు చేతుల్తో పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. ఛాంబర్ నుంచి బయటకి రాగానే సీసాల మీద మంచు పట్టినట్టు తేమ కమ్మేసింది. లేబుళ్ళు కనపడక నేనే నా కర్చీఫ్‌తో తుడిచాను. ఈ తుడిచిన సంగతి గుర్తుపెట్టుకోండి. నేనే మర్చిపోయాను.

తుడిచి చూస్తే అయిదింట్లో మూడు అద్దంలా ఉన్నాయి. రెండు మసకగా ఉన్నాయి. పలచటి మజ్జిగ తేటలా, లోపల మబ్బు కమ్మినట్టుంది. ఆ రెండే అన్నిటికంటే ఖరీదైనవి.

అయిదూ అంతకుముందు విప్పినవే. సంక్రాంతి తర్వాత స్నేహితులతో తలా ఒక పెగ్గు తాగి, మిగిలిందెంతో తెలియడానికి కోటేశ్వరరావు గారు లేబుల్ మీద పెన్నుతో గీత పెట్టుకున్నాడు. ఆ గీత దగ్గరే ఉంది విస్కీ. చుక్క తగ్గలేదు.

"ఏంది మేడమ్ ఇది? నేను పెట్టినప్పుడు ఇట్టా లేవే!" అన్నాడు.

మబ్బు అంటే మా ప్లాంటులో ఒకటే అర్థం. స్పిరిట్‌లో కలపడానికి డీఎం వాటర్ వాడతాం. అంటే ఉప్పూ సున్నమూ అన్నీ తీసేసిన నీళ్ళు. ఆ మిషన్ మొరాయించి మామూలు బోరు నీళ్ళు కలిశాయో, బ్లెండ్ మబ్బేస్తుంది. మా పల్నాడు బోరు నీళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు. గిన్నెలో కాచితే అడుగున సున్నం పొర కడుతుంది. ఒకసారి అర్ధరోజు ప్రొడక్షన్ అట్టాగే మబ్బేసి పారబోయించిన మనిషిని నేను.

"నాలుకతోనే చెప్పేస్తారంట గదా, చూడండి మరి" అన్నాడు ఆయన. ఆ మాటలో కొంచెం ఎగతాళి ఉంది. ఆడమనిషికి ఏం తెలుస్తుందిలే అనే ఎగతాళి. లేకపోయినా నాకు వినపడేది, అది వేరే సంగతి.

నా సంచిలో హైడ్రోమీటర్ ఉంది. గాజు పుల్ల లాంటిది, స్ట్రెంత్ కొలిచే సాధనం. కాని దానికి పొడుగు గ్లాసు నిండా విస్కీ పోయాలి. "అంత పోస్తే రేపటికేం మిగులుద్ది?" అన్నాడు. నాకూ అది తియ్యాలనిపించలేదు. మొండితనం. అయిదు గ్లాసుల్లో పోశాను, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ ప్రాంగణమంతా మిరప ఘాటు. వచ్చిన దగ్గర్నుంచీ మూడుసార్లు తుమ్మాను. మబ్బు పట్టిన రెండిట్లో వాసన అసలు పైకి రావడం లేదు. గుక్క వేసుకున్నాను. నీరసంగా, పలచగా, చప్పగా ఉంది. మిగతా మూడూ కూడా అంత గొప్పగా ఏం లేవు, కానీ వాటి మీద నా దృష్టి లేదు. మబ్బు చూశాక నేను దాని కారణం వెతుక్కోలేదు, దానికి సాక్ష్యం వెతుక్కున్నాను.

"నీళ్ళు కలిశాయి" అన్నాను.

"ఖాయమా?"

"నీళ్ళు కలిశాయి అనే కాదు, ఏ నీళ్ళో కూడా చెప్తాను. ఇవి ఇక్కడి బోరు నీళ్ళు."

ఎందుకన్నానో ఆ రెండో మాట! మొదటిది తప్పు, రెండోది పొగరు.

కోటేశ్వరరావు గారి మొహం ఎర్రబడింది. గుమ్మం దగ్గర నిలబడ్డ జోజయ్య వైపు తిరిగి, షెడ్డులో ఉన్న ఆడవాళ్ళందరికీ వినపడేట్టు అరిచాడు. "ఏరా జోజిగా! గీత కిందికి తాగి గీత దాకా బోరు నీళ్ళు పోశావుట్రా? దేవుడి దగ్గర మొక్కిన నోరేనా ఇది?"

జోజయ్యకి మొదట అర్థం కాలేదు. నా వైపు చూశాడు. తర్వాత సీసాల వైపు. "సావుకారు గారూ, నేను మూత కూడా ముట్టలేదయ్యా. ఏడేళ్ళయింది. మీకు తెలుసు" అన్నాడు.

"నాకు తెలిసింది ఇప్పుడు అబద్ధమయింది గదా! మేడమ్ గారు చదువుకున్న మనిషి. ఆవిడకి నీతో ఏం పగ?"

ఆ అరుపులకి శౌరమ్మ షెడ్డులోంచి వచ్చింది. తలకి గుడ్డ, ముక్కుకి గుడ్డ, చేతులు మోచేతుల దాకా ఎర్రటి దుమ్ము. ముక్కు మీద గుడ్డ కిందికి లాక్కుని తిన్నగా నన్నే అడిగింది. "అమ్మా, నీళ్ళేనా?"

నేను తల ఊపాను. అంతే. నోరు తెరిచి కూడా చెప్పలేదు.

ఆవిడ భర్త వైపు తిరగలేదు. ఒక్కసారి కూడా. క్వార్టర్‌లోకి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో చిన్న సంచితో బయటకొచ్చింది. గేటు దాటి రోడ్డు మీదకి, రెంటచింతల బస్సు ఆగే చోటికి నడిచింది. షెడ్డులో ఒకావిడ గొణిగింది: "మళ్ళీ ముడితే మా అన్న ఇంటికి పోతా, తిరిగి రాను అని ఆయన మొక్కుకున్నప్పుడే చెప్పింది. అన్నంత పనీ చేసింది."

జోజయ్య ఆవిడ వెనకాల వెళ్ళలేదు. మొలకున్న తాళాల గుత్తి తీసి బల్ల అంచున పెట్టి, మెట్ల మీద కూర్చున్నాడు. కోటేశ్వరరావు గారు సీసాలు మళ్ళీ ఛాంబర్లో పెట్టించి తానే తాళం వేసుకున్నాడు. సాక్ష్యమట. "రేపు పొద్దున పంచాయితీ పెద్దల్ని పిలుస్తా. స్టేషన్లో కూడా చెప్తా" అన్నాడు.

మబ్బు పట్టిన గ్లాసు ఒకటి చేతిలోనే ఉంది. దాంతోనే బయట వరండాలోకి వచ్చి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, సెల్‌ఫోన్ చూస్తూ నిలబడ్డాను. ఏం చూశానో తెలియదు. రోడ్డు మీద శౌరమ్మ చీర అంచు కనపడుతోంది. నీడ కూడా లేని చోట నిలబడింది. పక్కన మెట్టు మీద జోజయ్య. అతని వైపు చూడటానికి నాకు ధైర్యం లేక గ్లాసు వైపు చూశాను.

గ్లాసులో మబ్బు లేదు.

పైకెత్తి వెలుతురుకి పెట్టి చూశాను. లేత బంగారు రంగులో, అద్దంలా, తేటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండిన అంజీరు, తేనె, చివర సన్నగా పొగ. పది నిమిషాల కింద చచ్చిపడి ఉన్న వాసనంతా లేచి కూర్చుంది.

బోరు నీళ్ళ సున్నం వేసిన మబ్బు వేడికి పోదు. అది గంటలు నిలబడితే అడుగుకి దిగుతుంది తప్ప మాయమవదు. వేడి తగిలి మాయమయ్యే మబ్బు ఒకటే: చిల్ హేజ్. పీపాల్లో పండిన విస్కీలో సహజంగా కొన్ని నూనె లాంటి పదార్థాలుంటాయి. చలికి అవి గడ్డకట్టి మసకేస్తాయి. అట్టా కాకుండా చానా కంపెనీలు ముందే చల్లబరిచి వడకట్టేస్తాయి. దాన్ని చిల్ ఫిల్ట్రేషన్ అంటారు. ఖరీదైన కొన్ని మాల్టులని మాత్రం రుచి పోతుందని వడకట్టరు. వడకట్టలేదని లేబుల్ మీద అచ్చేస్తారు కూడా, గొప్పగా. ఆ అక్షరాల మీద తేమని నేను నా చేత్తో తుడిచాను. ఖరీదైన రెండూ మబ్బేసి, మామూలు మూడూ తేటగా ఉండటానికి కారణం అది. దొంగ మంచివి ఏరుకు తాగలేదు. చలి మంచివాటిని పట్టుకుంది.

నిజం చెప్తాను, ఆ క్షణంలో నాకు మొదట తట్టింది జోజయ్య కాదు. నా పేరు. "ఆవిడ చెప్పింది తప్పంట" అనే మాట నరసరావుపేట దాకా ఎంతసేపట్లో చేరుతుందో లెక్కేశాను. ఇంకెవరూ గ్లాసు చూడలేదు. పిట్టగోడ అవతల పారబోస్తే పోయేది. ఈ ఆలోచన ఎంతసేపు ఉందో చెప్పలేను. ఉంది. ఆ మాత్రం రాయకపోతే ఈ వ్యాసం రాయడం ఎందుకు?

లోపలికి వెళ్ళి చెప్పాను. "కోటేశ్వరరావు గారూ, నేను పొరబడ్డాను. నీళ్ళు కలవలేదు."

ఆయన కుర్చీలోంచి లేవలేదు. "మెట్ల మీద కూర్చున్నవోణ్ణి చూసి జాలేసిందా మేడమ్?"

"జాలి కాదండీ. ఇది చలికి పట్టిన మబ్బు. చూడండి, పోయింది."

"ఇందాక బోరు నీళ్ళన్నారు. ఏ బోరో ఒక్కటే చెప్పలేదు. ఇప్పుడు చలంటన్నారు. రేపు మా పార్టీల ముందు ఇంకేం అంటారో! కొలిచి చూపించండి, నమ్ముతా."

ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. దానికే నాకు మండింది.

ఛాంబర్ నుంచి ఆ సీసా మళ్ళీ తెప్పించాను. పొడుగు గ్లాసు నిండా పోశాను. ఈసారి ఎంత మిగులుతుందని ఆయన అడగలేదు. హైడ్రోమీటర్ వదిలాను. లేబుల్ మీద నలభై ఆరు శాతం అని ఉంది. పుల్ల ఊగి ఊగి నలభై రెండుకి కాస్త కిందనే ఆగింది.

"చూశారా! నాలుగు పోయినయ్!" అని కోటేశ్వరరావు గారు బల్ల గుద్దాడు.

రెండోసారి కూడా తప్పా? అప్పుడు థర్మామీటర్ ముంచాను. తొమ్మిది డిగ్రీలు. చల్లటి ద్రవం చిక్కబడుతుంది, అందులో పుల్ల పైకి తేలుతుంది, స్ట్రెంత్ తక్కువ చూపిస్తుంది. అందుకే ఇరవై డిగ్రీల దగ్గర చదవాలి. లేకపోతే పట్టిక చూసి సరిచేయాలి. పట్టిక తీసి వేలు పెట్టి చూపించాను. దాదాపు నలభై ఆరే వస్తోంది.

"పుస్తకాలు నాకొద్దు మేడమ్. మిరపకాయల్లో తేమ కొలిచే మిషన్లు నేను వంద చూశా. పుల్ల నలభై ఆరు చూపిస్తే నమ్ముతా."

"చూపిస్తుంది. వరండాలో పెడదాం, వేడెక్కనివ్వండి."

ఆ పొడుగు గ్లాసుని తెచ్చి వరండాలో స్టూలు మీద పెట్టాను. అందరం చుట్టూ నిలబడ్డాం. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు కూడా పని ఆపి వచ్చారు. "ఏంది పిన్నీ, జరం చూస్తన్నారా దానికి?" అని ఒకావిడ, "నోరు మూసుకోవే" అని ఇంకొకావిడ. జోజయ్య మెట్టు మీద నుంచి లేవలేదు, కానీ తల ఇటు తిప్పాడు.

పన్నెండు డిగ్రీలు. పుల్ల నలభై మూడు. మబ్బు అట్టాగే ఉంది. రోడ్డు మీద దూరంగా బస్సు హారన్ వినపడింది. నేను జోజయ్యతో అన్నాను, "వెళ్ళి ఆపు, ఇంకాసేపట్లో తేలిపోద్ది."

"నేను పోతే ఆగదమ్మా" అన్నాడు. ఆ మధ్యాహ్నం నాతో అతను అన్న మొదటి మాట అది.

పధ్నాలుగు. పదహారు. గ్లాసు పై అంచు నుంచి మసక పలచబడటం మొదలైంది. బస్సు ఆగింది. శౌరమ్మ ఎక్కింది. బస్సు కదిలింది. పద్దెనిమిది. అవతలి వైపు నిలబడ్డ ఆడవాళ్ళ ఎర్రటి చేతులు గ్లాసులోంచి కనపడ్డాయి. ఇరవై. కోటేశ్వరరావు గారే వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని, పుల్ల మీద అంకె చదివాడు.

"నలభై ఆరు" అన్నాడు. చానా నెమ్మదిగా అన్నాడు. ఆ తర్వాత నా మీద అరిచాడు, "మరి ఇందాక నా చేత ఎందుకు తిట్టిచ్చారు వాణ్ణి?"

హైడ్రోమీటర్ తీసి, తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

జోజయ్య దగ్గరికి వెళ్ళాను. "రా, కారెక్కు, రెంటచింతల పోదాం. శౌరమ్మకి చెప్దాం" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "మీరు చెప్పారని వెళ్ళింది. మీరే చెప్పండమ్మా. నేను చెప్తే తాగినోడు చెప్పినట్టే ఉంటది."

ఆ ఇరవై కిలోమీటర్లు నేను కారు ఎట్టా నడిపానో నాకే తెలియదు. బస్సుని దాటలేకపోయాను, ముందు పత్తి లోడు ట్రాక్టర్, దాని ముందు గొర్రెలు. రెంటచింతల సెంటర్లో బస్సు ఆగే చోట, కూల్‌డ్రింక్ కొట్టు చూరు కింద శౌరమ్మ కూర్చుని ఉంది. అన్న ఇంటికి ఇంకా వెళ్ళలేదు. సంచి ఒళ్ళో ఉంది. నన్ను చూసి లేవలేదు.

"శౌరమ్మా, నేను తప్పు చెప్పాను. నీళ్ళు కలవలేదు. మీ ఆయన ముట్టలేదు."

"ఇందాక తలూపావుగా."

"ఊపాను. తప్పు ఊపాను. చలికి ఆ మందు మసకేస్తది. వరండాలో వేడెక్కనిచ్చి కొలిచాం, సరిగ్గా ఉంది. మీ సావుకారే చదివాడు."

"మొదట చెప్పింది నిజమో, ఇప్పుడు చెప్పేది నిజమో నాకెట్టా తెలుస్తదమ్మా? నేను చదువుకోలేదు."

"మొదటిది చెప్పినప్పుడు నేను కొలవలేదు. రెండోది కొలిచి చెప్తున్నాను. అంతకంటే నా దగ్గర ఏం లేదు."

కొట్టతను ఫ్రిజ్ మూత వేసిన చప్పుడయింది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటే చేతి కారం కంట్లో పడి ఇంకా నీళ్ళు కారాయి. నేను నీళ్ళ సీసా కొనిచ్చాను. కళ్ళు కడుక్కుంది.

"ఆయన ఏమన్నాడు?"

"నిన్ను ఏమీ అనలేదు. మెట్టు మీద కూర్చున్నాడు."

"అనడు. తాగే రోజుల్లోనే మాట్టాడేవాడు" అంది. ఆ మాటకి తనకే నవ్వొచ్చింది. "ఏడేళ్ళమ్మా. రోజూ పక్కన పండుకునే మనిషి. వాసన నాకు తెలవదా? దగ్గరికి పోయి ఒక్కసారి నోరు చూస్తే తెలిసేది. ఆయన మొహం చూళ్ళేదు నేను. నీ మొహం చూశా."

నా ముక్కు మీద నమ్మకంతో ఇరవై ఒక్కేళ్ళు జీతం తీసుకున్నాను. ఆవిడ ముక్కుని ఆవిడ నమ్ముకోకుండా చేసింది నేనే.

కారెక్కింది. గేటు దగ్గర దిగి తిన్నగా మెట్ల దగ్గరికి వెళ్ళింది. జోజయ్య అక్కడే ఉన్నాడు. ఆవిడ అతని పక్కన, మూరెడు ఎడంగా కూర్చుంది. సంచి మధ్యలో పెట్టింది. నేను లోపలికి వెళ్ళిపోయాను. అది నేను చూడాల్సింది కాదు.

కోటేశ్వరరావు గారు తాళాల గుత్తి పట్టుకెళ్ళి జోజయ్యకి ఇవ్వబోయాడు. ఇస్తూ "పోనీలేరా, మేడమ్ వల్ల పొరపాటు" అన్నాడు. జోజయ్య తీసుకోలేదు. "అందరి ముందర అన్నారు సావుకారు గారూ. అందరి ముందర కాదనండి, అప్పుడు తీసుకుంటా."

కోటేశ్వరరావు గారు నా వైపు చూశాడు. ఆయన నోటికి ఆ మాట రాదని నాకు అర్థమైంది. నా నోటికి మాత్రం వస్తుందా? మా ఇంట్లో వాళ్ళని అడగండి, పెళ్ళయినప్పటి నుంచీ ఎన్నిసార్లు "తప్పు నాదే" అన్నానో. వేళ్ళు అక్కర్లేదు లెక్కపెట్టడానికి.

షెడ్డులోకి వెళ్ళాను. పాతిక ముప్ఫై మంది ఉంటారు, ఎర్రటి కుప్పల మధ్య. "అమ్మా, అందరూ వినండి" అన్నాను. "జోజయ్య గారు ఆ సీసాలు ముట్టుకోలేదు. చల్లగా ఉన్న సీసాని అట్టాగే రుచి చూసి, కొలవకుండా, నాకు తెలుసుగదా అనే పొగరుతో నీళ్ళు కలిశాయని చెప్పాను. తప్పు నాది. ఆయనది కాదు." ఘాటుకి తుమ్మొచ్చింది, రెండుసార్లు తుమ్మాను. ఎవరూ నవ్వలేదు. చివర కూర్చున్న ముసలావిడ ఒకటే అంది: "అంత చదువుకుని కొలవకుండా చెప్పావేందమ్మా?"

"అదే నేనూ అనుకుంటున్నా పెద్దమ్మా" అన్నాను.

వెనక తలుపు దగ్గర నిలబడ్డ కోటేశ్వరరావు గారు గొంతు సవరించుకుని "నేనూ తొందరపడ్డా" అన్నాడు. అంతే, మూడు మాటలు కూడా లేవు. జోజయ్య వచ్చి గుత్తి తీసుకున్నాడు. దాంట్లోంచి సీసాలు పెట్టిన ఛాంబర్ తాళం ఒక్కటి విడదీసి, ఆయన చేతిలో పెట్టాడు. "మిరపకాయలు ఎన్ని ఛాంబర్లయినా కాస్తా. ఈ సీసాలు మాత్రం వద్దయ్యా. మీ బీరువాలో పెట్టుకోండి." అప్పటికప్పుడు సీసాలు ఆఫీసుకి వచ్చాయి.

మర్నాడు టేస్టింగ్ జరిగింది. గ్లాసులు గంట ముందే పోయించి, గది వేడికి రానిచ్చి మొదలుపెట్టాను. పార్టీలు మెచ్చుకున్నారు. నేను ఏం చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు. కిటికీలోంచి క్వార్టర్ గుమ్మం మీద రెండు జతల చెప్పులు ఉన్నాయా లేదా అని నాలుగుసార్లు చూసిన సంగతి మాత్రం గుర్తుంది. ఉన్నాయి.

ఈ కేసు నాకు చెప్పింది చలిలో ఉన్న సీసాని వెంటనే రుచి చూడొద్దని కాదు. అది ఆ నెలరోజుల ట్రైనింగ్‌లోనే చెప్పారు. ట్రైనింగ్‌లో ఇంకోటి కూడా చెప్పారు: రుచి చూసేవాళ్ళకి సీసా గురించి ఏమీ తెలియకూడదు, ఎవరిదో, ఎక్కడిదో తెలిస్తే నాలుక పక్షపాతం చేస్తుంది అని. మా ప్లాంటు వాళ్ళు ఇప్పటికీ దీని మీద నాతో వాదిస్తారు, నేను వాళ్ళతో వాదిస్తాను. సీసా పేరు తెలియకపోతే మంచిదే, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఎవరైనా సీసా తెచ్చి "దీంట్లో ఏమన్నా కలిసిందా మేడమ్?" అంటే, మూత తీసే ముందు నేను ఒకటి అడుగుతాను: "కలిసిందంటే తప్పు ఎవరి మీద పెడతారు?" ఒక మనిషి పేరు చెప్తారు. డ్రైవరో, వంటమనిషో, బావమరిదో. ఆ పేరు కాగితం మీద రాసి గ్లాసు పక్కన పెట్టుకుంటాను. దాన్ని చూస్తుంటే చేయి దానంతటదే థర్మామీటర్ మీదకి పోతుంది.